'ఏమొకో చిగురుటధరమున': ప్రేమపాటకు అర్థం తీయడం ఎలా

ప్రేమపాటకు అర్థం చెప్పమంటే చాలామంది ఒక్క గంతులో భావం మీద పడతారు. "నాయిక విరహంలో ఉంది", "జీవాత్మ పరమాత్మ కోసం తపిస్తోంది" అనేస్తారు. ఆ సంగతి ఏ మాటలో ఉందో చూపించమంటే మాత్రం తడబడతారు. అర్థం తీసే పని అడుగు నుంచి మొదలవ్వాలి. పాఠం (అంటే చేతిలో ఉన్న పాట మాటలు) సరైనదేనా, మాట ఎక్కడ విరుగుతోంది, వాక్యం ఎలా అన్వయిస్తోంది, ఎవరు ఎవరితో అంటున్నారు, ఇవన్నీ తేలాకే భావం జోలికి వెళ్లాలి.

పద్ధతి చూపడానికి అన్నమయ్య శృంగార సంకీర్తన ఒకటి తీసుకుందాం. కచేరీల్లోనూ పెళ్లిపందిళ్లలోనూ తరచూ వినపడేదే, వరస కూడా చాలామందికి నోటికి వచ్చు. పైగా ఈ పాటే ఒక అర్థం తీసే ఆట. ఒక చెలికత్తె నాయిక ఒంటిమీద ఆనవాళ్లు ఒక్కొక్కటే చూపిస్తూ, ఇదేమిటో చెప్పుకోండి చూద్దాం అని తోటివాళ్లను కవ్విస్తుంటుంది.

ఏమొకో చిగురుటధరమున ఎడనెడ కస్తూరి నిండెను
భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదు కదా

కలికి చకోరాక్షికి గడకన్నులు కెంపై తోచిన
చెలువంబిప్పుడిదేమో చింతింపరె చెలులు
నలువున బ్రాణేశ్వరుపై నాటిన యా కొనచూపులు
నిలువున బెరుకగ నంటిన నెత్తురు కాదు కదా

పడతికి చనుగవ మెరుగులు పైపై బయ్యెద వెలుపల
కడు మించిన విధమేమో కనుగొనరే చెలులు
ఉడుగని వేడుకతో బ్రియుడొత్తిన నఖశశిరేఖలు
వెడలగ వేసవికాలపు వెన్నెల కాదు కదా

ముద్దియ చెక్కుల కెలకుల ముత్యపు జల్లుల చేర్పుల
వొద్దిక లాగులివేమో ఊహింపరె చెలులు
గద్దరి తిరువేంకటపతి కామిని వదనాంబుజమున
అద్దిన సురతపు చెమటల అందము కాదు కదా

ముందు పాఠం సరిచూసుకోండి

ఇంటర్నెట్లో దొరికే సాహిత్యంలో తప్పులు బోలెడు. పాట విని రాసుకున్నవాళ్లు వినపడినట్టు రాస్తారు, దాన్ని ఇంకొకరు కాపీ కొడతారు. తిరుమల తిరుపతి దేవస్థానం ముద్రించిన సంకీర్తన సంపుటాలు చేతికందితే వాటితో పోల్చుకోవడం మేలు. అందకపోయినా పాటలోనే ఒక తూకం ఉంది, అదే ప్రాస. రెండో చరణంలో నాలుగు పాదాల రెండో అక్షరం చూడండి: పడతి, కడు, ఉడుగని, వెడలగ. అన్నింట్లో 'డ' ఉంది. మూడో చరణంలో ముద్దియ, వొద్దిక, గద్దరి, అద్దిన, అన్నీ 'ద్ద'. ఎవరైనా 'గద్దరి' మాట తెలియక 'గడుసరి తిరువేంకటపతి' అని రాస్తే అర్థం దాదాపు అదే వస్తుంది కానీ ప్రాస తెగిపోతుంది. పాఠం చెడిందని అక్కడే తెలిసిపోతుంది.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఇంకో అక్షరం జతపడటం, కూడా ఇలాగే పట్టిస్తుంది. 'నలువున'కు 'నాటిన', 'నిలువున'కు 'నెత్తురు', 'వెడలగ'కు 'వెన్నెల' జతపడ్డాయి. దీనితో ఇంకో లాభం కూడా ఉంది. యతిస్థానంలో పడిన మాట చెవికి గట్టిగా తగులుతుంది కాబట్టి కవి కీలకమైన మాటను తరచు అక్కడ కూర్చోబెడతాడు. ఈ పాటలో పత్రిక, నెత్తురు, వెన్నెల, అందము నాలుగూ యతిస్థానంలోనే ఉన్నాయి. ఆ నాలుగు మాటలే నాలుగు చోట్లా ఊహకు ప్రాణం.

మాట విరుపు

పాడేటప్పుడు వరస కోసం మాట మధ్యలో ఆగుతుంటారు. 'చిగురుట' దగ్గర ఆగి 'ధరమున' అని అందుకుంటే, విన్నవాళ్లు 'ధరము' అంటే ఏమిటా అని నిఘంటువులు తిరగేస్తారు. అసలు విరుపు చిగురు + అధరము. మధ్యలో వచ్చిన 'ట' స్కూల్లో చదివిన టుగాగమమే. చిగురు + ఆకు చిగురుటాకు అయినట్టే ఇదీ. అంటే చిగురులాంటి పెదవి.

నిఘంటువులో వెతికే ముందు ఇంకో చిక్కు విప్పుకోవాలి. 'గడకన్నులు' అని వెతికితే దొరకదు. 'చకోరాక్షికిన్' అనే మాట చివర ఉన్న నకారం వల్ల దాని మీద వచ్చిన 'క' కాస్తా 'గ' అయింది. కాబట్టి 'కడకన్నులు' అని వెతకాలి, అంటే కంటి కొసలు. 'బ్రాణేశ్వరు', 'బెరుకగ', 'బయ్యెద', 'బ్రియుడు' కూడా ఇంతే. వాటిని ప్రాణేశ్వరు, పెరుకగ, పయ్యెద (పైట), ప్రియుడు అని పెట్టుకుని చూడాలి. పాత పాటల్లో మాట గ, జ, డ, ద, బ లతో మొదలై నిఘంటువులో కనపడకపోతే క, చ, ట, త, ప లతో ఒకసారి ప్రయత్నించండి. సగం మొండి మాటలు అక్కడే లొంగుతాయి.

నిఘంటువుల్లో శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు ఈ పనికి సరిపోతాయి. ఆంధ్రభారతి సైటులో వీటన్నింటినీ ఒకేసారి వెతకొచ్చు. తెలియని మాటలు ఎలాగూ వెతుకుతారు: నలువు (నేర్పు, అందం), కెలకు (పక్క), గద్దరి (గడుసువాడు). ముంచేవి తెలిసిన మాటలే. ఈ పాటలో అలాంటివి మూడున్నాయి.

'చింతింపరె' అంటే దిగులుపడండి అని కాదు, ఆలోచించండి అని. ఇవాళ 'చింత' అనగానే బాధే గుర్తొస్తుంది కాబట్టి ఈ చరణాన్ని విషాదంగా చదివేవాళ్లు ఉన్నారు. 'వేడుక' అంటే ఫంక్షన్ కాదు, కోరికతో కూడిన ఉత్సాహం. 'ఉడుగని వేడుక' అంటే తగ్గని ఉబలాటం. ఇక 'లాగులు'. ఇవి తొడుక్కునే లాగులు కావు లెండి! లాగు అంటే తీరు, విధం. 'ఇలాగు', 'అలాగు' అనడంలో ఇప్పటికీ ఉన్నది ఆ లాగే. కాబట్టి ఎంత తేలికగా కనపడినా పాత పాటలో ప్రతి నామవాచకాన్నీ క్రియనూ ఒకసారి నిఘంటువులో చూడటం అలవాటు చేసుకోండి. పద్నాలుగు పాదాల పాటకు గంట పడుతుందేమో, అంతే.

అన్వయం

మాటల అర్థాలు తెలిశాక వాటిని మామూలు వాక్యం వరసలో పేర్చాలి. పాటలో కర్త ఒక మూల, క్రియ ఇంకో మూల ఉంటాయి. మొదటి చరణాన్ని ఇలా పేర్చుకోవచ్చు:

చెలులారా, ఈ చకోరాక్షికి కంటి కొసలు ఎర్రగా కనిపిస్తున్నాయే, ఈ అందం ఏమిటో ఆలోచించండి. ప్రాణేశ్వరుడి మీద నేర్పుగా నాటిన ఆ కొనచూపులను నిలువునా పెరికితే, వాటికి అంటిన నెత్తురు కాదు కదా!

అన్వయం రాసేటప్పుడు పాటలో లేని మాట ఒక్కటి కూడా చేర్చకండి. 'బాణాల్లాంటి చూపులు' అని రాయాలని చెయ్యి ఉవ్విళ్లూరుతుంది. పాటలో బాణం మాటే లేదు. 'నాటిన', 'పెరుకగ', 'నెత్తురు' అనే మూడు మాటలతో బాణాన్ని వినేవాడి బుర్రలోనే తయారుచేశాడు కవి. అన్వయంలో మీరే బాణం తెచ్చి పెడితే ఆ పనితనం కనపడకుండా పోతుంది. దాన్ని భావం దగ్గర చెప్పండి, ఫలానా మూడు మాటల వల్ల బాణం స్ఫురిస్తోందని.

ఎవరు, ఎవరితో, ఎప్పుడు

ప్రేమపాటల అర్థం ఎక్కువగా చెడేది ఇక్కడే. గాయని పాడుతోంది కాబట్టి నాయికే మాట్లాడుతోందని అనుకుంటారు. ఈ పాటలో నాయిక నోరు విప్పదు. భామిని, కలికి, పడతి, ముద్దియ, కామిని, ఇలా అన్నీ ఆమెను గురించి పక్కవాళ్లు అనే మాటలే. 'చెలులు' అనే పిలుపు మూడు చరణాల్లోనూ రెండో పాదం చివరే ఉంది. అంటే మాట్లాడేది ఒక చెలికత్తె, వినేది మిగతా చెలికత్తెలు, నాయిక అక్కడే తల వంచుకుని ఉందేమో. ఆ 'ఉందేమో' నా ఊహ, పాట చెప్పలేదు. ఇలాంటివి రాసేటప్పుడు ఊహ అని పక్కన గుర్తు పెట్టుకోవాలి.

నాయిక అలమేలుమంగ అని కూడా పాటలో లేదు. నాయకుడు తిరువేంకటపతి కాబట్టి సంప్రదాయం తెలిసినవాళ్లు అలా తీసుకుంటారు, తప్పులేదు. కానీ పాట చెప్పింది ఒకటి, సంప్రదాయం చేర్చింది ఒకటి. రెండింటినీ కలిపేయకండి.

ఎప్పుడు అన్నది ఆనవాళ్లే చెబుతాయి. పెదవి మీద అక్కడక్కడ కస్తూరి అంటుకుంది. కళ్లు ఎరుపెక్కాయి. పయ్యెద దాటి మెరుపు కనిపిస్తోంది. చెంపల పక్కన ముత్యాల్లాంటి బిందువులున్నాయి. ఇవన్నీ కలిసి గడిచిన రాత్రిని సూచిస్తున్నాయి. కాబట్టి ఇది విరహం పాట కాదు. 'విభునకు వ్రాసిన పత్రిక' అనే మాట ఒక్కటీ పట్టుకుని, ప్రియుడు దూరంగా ఉన్నాడు, ఆమె ఉత్తరం రాసింది అని చెప్పేవాళ్లు మిగతా పన్నెండు పాదాలను వదిలేసినట్టే.

కంటికి కనిపించింది ఒకటి, ఊహించింది ఒకటి

ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. ఎడమ వైపు చెలికత్తెకు కనపడినది, కుడివైపు ఆమె చేసిన ఊహ. పల్లవిలో కస్తూరి, పత్రిక. మొదటి చరణంలో ఎరుపు, నెత్తురు. రెండో చరణంలో మెరుపు, వెన్నెల. మూడో దాంట్లో ముత్యాలు, చెమట. ఈ రెండు వరసల మధ్య మూడోది ఒకటి ఉంటుంది: అసలు కారణం. అది చాలాసార్లు చెప్పకుండా వదిలేస్తారు. పెదవికి కస్తూరి ఎలా అంటింది? ఆయన పూసుకున్నది ఈమెకు అంటింది. కళ్లెందుకు ఎర్రబడ్డాయి? నిద్ర లేదు. ఈ మూడో వరస నింపడమే శృంగార గీతానికి అర్థం చెప్పడం.

పల్లవిలో ఊహ ఎలా పుట్టిందో కాస్త దగ్గర నుంచి చూడండి. చిగురు అంటే లేత ఆకు. పత్రమంటే ఆకు, పత్రికంటే ఉత్తరం. పెదవి ఆకు అయింది, కస్తూరి సిరా అయింది, చెదురుమదురు మరకలు అక్షరాలయ్యాయి. 'ఎడనెడ' మాట లేకపోతే ఈ ఊహ నిలబడదు. పెదవంతా నల్లగా పులిమితే అది పూత అవుతుంది గానీ రాత కాదు. ఇలా ఒక మాట తీసేసి చూసి, ఊహ కూలితే ఆ మాట అలంకారం కోసం రాలేదని తెలుసుకోవచ్చు. రెండో చరణంలో 'వేసవికాలపు' అనే మాట మీద ఇదే పరీక్ష చేయండి. 'నఖశశిరేఖలు' అంటే చంద్రరేఖల్లాంటి గోటి నొక్కులు. గోటి నొక్కు అర్ధచంద్రుడిలా ఉండటం కామశాస్త్రం నాటి మాటే. చంద్రరేఖ ఉంటే వెన్నెల ఉంటుంది, సరే. వేసవి ఎందుకు? వేసవి వెన్నెలకు మబ్బు అడ్డం రాదు. పయ్యెద అనే మబ్బు కూడా ఆపలేకపోయిందని చదువుకోవచ్చు. ఇది పాటకు అతికే ఊహే, కానీ బాణం ఊహకున్నంత బలం దీనికి లేదు. అక్కడ సాక్ష్యంగా మూడు మాటలున్నాయి, ఇక్కడ ఒక్కటే ఉంది.

'కాదు కదా' ఏ గొంతుతో?

నాలుగుసార్లు వచ్చే ఈ మాటను వ్యతిరేకార్థంగా, అంటే 'అది నెత్తురు కాదు' అని తీసుకుంటే పాట చప్పబడిపోతుంది. తెలుగులో 'కాదు కదా' అర్థం గొంతుని బట్టి మారుతుంది. "పరీక్ష ఇవాళ కాదు కదా?" అంటే భయం. "జాడీలో బెల్లం తిన్నది నువ్వు కాదు కదా?" అంటే నువ్వేనని తెలిసే అడగడం. ఈ పాటలోది రెండో రకం. చెలికత్తెకు సంగతంతా తెలుసు, ఏమీ తెలియనట్టు అడుగుతోంది. అలంకారశాస్త్రం చదివినవాళ్లు ఇది ఉత్ప్రేక్షా, సందేహమా అని వాదించుకోవచ్చు. నా మట్టుకు, ఆ చెలి గొంతులోని కొంటెతనం పట్టుబడితే పేరు ఏది పెట్టినా నష్టం లేదు.

'ఏమొకో' కూడా అంతే. 'ఏమిటో మరి' అనే ఆశ్చర్యం, నటన కలిసిన మాట అది.

ముద్ర ఎక్కడ పడింది?

సంకీర్తనల్లో కవి ముద్ర మాట, ఇక్కడ తిరువేంకటపతి, ఎక్కువగా చివరి చరణంలో వస్తుంది. సంతకంలే అని దాటేయకండి. అది ఏ వాక్యంలో, ఏ విశేషణంతో పడిందో చూడాలి. ఇక్కడ 'గద్దరి' అనే విశేషణంతో పడింది. విభుడు, ప్రాణేశ్వరుడు, ప్రియుడు అని మర్యాదగా నడుస్తున్న పాట, దేవుడి పేరు చెప్పాల్సి వచ్చేసరికి 'గడుసువాడు' అనేసింది.

ఇప్పుడు కుడివైపు వరస మళ్లీ చూడండి. పత్రిక, నెత్తురు, వెన్నెల, ఈ మూడూ కల్పనలు. నాలుగోది చెమట. అది కల్పన కాదు, జరిగిన సంగతి. మొదటి మూడుసార్లూ కనపడినదానికి లేని కారణం చెప్పిన చెలి, చివరికి ముత్యాల మాటున ఉన్న నిజం బయటపెట్టేసింది. అది కూడా ఆయన పేరు పెట్టి మరీ! 'చింతింపరె', 'కనుగొనరే' అంటూ వచ్చి, ఊహ అక్కర్లేని చోట 'ఊహింపరె' అనడంలో ఉంది ఆమె గడుసుదనం. పాటకు అర్థం చెప్పేటప్పుడు చరణాలను విడివిడిగా ముగించేస్తే ఈ నడక కనపడదు. రెండో చరణం బిడియపడి వదిలేసి పాడినా చెప్పినా మెట్టు ఒకటి విరిగిపోతుంది.

చివరి చరణం అయ్యాక పల్లవి మళ్లీ అందుకుంటారు కదా. మొదటిసారి విన్నప్పుడు 'పత్రిక' నిజంగానే ఉత్తరమేమో అనిపిస్తుంది. ఈసారి వింటే ఎవరూ నమ్మరు. పల్లవి అర్థం ఎప్పుడూ రెండుసార్లు రాసుకోండి, మొదట ఒకసారి, చివరి చరణం తర్వాత ఒకసారి.

ఎవరి ఒంటిమీద ఉన్నాయి ఆ గుర్తులు?

ప్రియుడితో ఉన్న పరిస్థితిని బట్టి నాయికను ఎనిమిది రకాలుగా చెప్పే అష్టవిధ నాయికలు అనే లెక్క ఉంది: స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. పనికొచ్చే లెక్కే కానీ ప్రతి పాటనూ తీసుకొచ్చి ఒక గదిలో కుక్కాలని చూస్తే పాటే నలుగుతుంది. ఈ లెక్కను ఇలా వాడుకోవచ్చు: ఎర్రటి కళ్లు, గోటి నొక్కులు ఈ పాటలో నాయిక ఒంటిమీద ఉన్నాయి కాబట్టి సంతోషం. అవే గుర్తులతో తెల్లవారుజామున నాయకుడు గుమ్మంలో నిలబడితే ఆమె ఖండిత. పాట మొత్తం కోపం. గుర్తులు అవే అయినా మోసేవాళ్లు మారితే అర్థం తలకిందులవుతుంది.

క్షేత్రయ్య పదాలకు, అంటే ఆయన శృంగార గీతాలకు, వచ్చేసరికి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అక్కడ తరచు నాయికే మాట్లాడుతుంది, సఖితోనో సామితోనో. అనేదొకటి, మనసులోదొకటి. 'అలిగితే భాగ్యమాయె' అని మొదలయ్యే పదంలో, వాడు అలిగితే నాకే మంచిదాయె అంటోంది. మాటకు మాట అర్థం చెప్పి ఊరుకుంటే ఆమెకు సంతోషంగా ఉందని తేలుతుంది. నిజంగా పట్టనిదైతే పదమంతా దాని గురించే ఎందుకు పాడుతుంది? నిష్ఠూరం అక్కడే బయటపడుతుంది. పదంలో నాయిక 'నాకేం', 'పోనీ', 'మంచిదే' అన్నప్పుడల్లా ఆ మాట కింద గీత గీసి, తర్వాతి చరణాలు దాన్ని నిలబెడుతున్నాయా పడగొడుతున్నాయా చూడండి.

వరసను సాక్ష్యం చేయకండి

అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరాలు లేవు. ఇవాళ మనం వినే వరసలు చాలావరకు ఇటీవలి సంగీతకారులు కట్టినవే. కాబట్టి వరస జాలిగా ఉందని పాట జాలిదని తేల్చకండి. అలాగే ఆ రేకులే పాటలను అధ్యాత్మ, శృంగార సంకీర్తనలని వేరు చేశాయి. శృంగారం అని రాసిపెట్టినదాన్ని మొదటి వాక్యంలోనే ఆత్మ పరమాత్మల కథ చేయనక్కర్లేదు. ముందు శృంగారంగా పూర్తిగా అర్థం చెప్పండి. భక్తి అర్థం చెప్పదలిస్తే దాని తర్వాత, విడిగా.

సినిమా పాటకు ఇదే పద్ధతి పనిచేస్తుంది, చిన్న సవరణలతో. అక్కడ పాట ఎక్కువగా ట్యూనుకు రాస్తారు. ట్యూను గుక్క నింపడానికి పడిన 'ఓ చెలీ', 'హాయి హాయి'లాంటి మాటల్లో లోతు వెతకొద్దు. గూఢార్థం వెతకాల్సింది ట్యూను మారినా నిలబడే మాటల్లో. యుగళగీతమైతే ఆమె పాదాలు, అతని పాదాలు రెండు రంగుల్లో రాసుకోండి. ఒకరి ప్రశ్నకు ఇంకొకరు నిజంగా జవాబు చెబుతున్నారా, ఎవరి గోల వారిదేనా అన్నది వెంటనే తెలుస్తుంది. సందర్భం పాటలో ఉండదు, సినిమాలో ఉంటుంది. పాటకు ముందు సీను, తర్వాతి సీను చూడకుండా అర్థం రాయొద్దు. ఒకే పల్లవిని సంతోషంగా ఒకసారి, విషాదంగా ఒకసారి వాడుకున్న సినిమాలు తెలుగులో చాలానే ఉన్నాయి. అలాంటి పాట దొరికితే రెండుసార్ల సాహిత్యమూ పక్కపక్కన పెట్టుకుని, ఏ మాటలు మార్చారో, ఏవి అలాగే ఉంచేశారో గుర్తించండి. మార్చకుండా ఉంచిన మాటల దగ్గరే ఎక్కువసేపు ఆగాలి.